నడిచే బండి మీద పీకిన వైరు

మా ఆయన కారు కొన్న నాటి నుంచి మా వీధిలో మగవాళ్లకు వేరే కసరత్తు అవసరం లేకపోయింది. ఇంట్లో ఉన్న రోజుల్లో, పొద్దున ఎనిమిదింటికి ఆయన గేటు తీస్తున్న చప్పుడు వింటే చాలు, ఎదురింటి పోస్టుమాస్టరు లుంగీ మడిచి కట్టేవాడు, మూలమీది కిరాణా ఆయన తక్కెడ వదిలేసి వచ్చేవాడు. నలుగురూ డిక్కీ మీద చేతులు పెట్టి, "ఆఁ... తోయ్" అంటే కారు కదిలేది. దేవరకొండలో మా వీధి కోట వైపు ఎత్తుగా, బస్టాండు వైపు వాలుగా ఉండడం ఆ కారు చేసుకున్న పుణ్యం.

తోసేటప్పుడు స్టీరింగు ముందు కూర్చునేది నేను. ఆడమనిషి కారు తోస్తే బాగుండదని మా ఆయన అక్కడ కూర్చోబెట్టాడు. ఆయన మర్యాద కోసం చేసిన ఆ పని నాకు అక్షరాభ్యాసం అయింది. సెకండు గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టి, బండి వేగం అందుకోగానే టక్కున వదలడం నాకు ముందు వచ్చింది. తాళం తిప్పి స్టార్ట్ చేయడం చాలా రోజుల తర్వాత నేర్చుకున్నాను, ఎందుకంటే తాళం తిప్పితే అది ఎన్నడూ స్టార్ట్ అయ్యేది కాదు.

ఇది తొంభైల మొదట్లో సంగతి. నేను దేవరకొండకు పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఆ ఊరికి ఉన్నది ఒకటే బస్సు. అది రావాలనుకున్నప్పుడు వచ్చేది, పోవాలనుకున్నప్పుడు పోయేది. ప్రార్థన అయిపోయాక చెమటలు కక్కుకుంటూ నేను గేట్లో అడుగుపెడితే, హెడ్మాస్టరు ఏమీ అనకుండా గోడ గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవాడు. తిట్టినా బాగుండేది! అందుకే కారు కొన్నప్పుడు మా ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఆయన కాలువల శాఖలో ఉద్యోగి. వారమంతా క్యాంపుల్లో ఆఫీసు జీపు మీద తిరిగేవాడు. కారు ఇంట్లో ఊరికే ఉండేది. "జూన్‌ల బడి తెరిచిన నాటి నుంచి నువ్వే నడుపుకొని పో" అన్నాడు. నేను లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. ఆ కార్డు మీద నా ఫోటో దొంగతనం చేసి దొరికిన మనిషిలా ఉన్నా, రోజుకు రెండుసార్లు తీసి చూసుకునేదాన్ని.

మే నెల వచ్చింది. కారు మాత్రం తోస్తే తప్ప లేవడం లేదు. ఇంజను నడుస్తున్నా బ్యాటరీ చార్జి కావడం లేదని చెప్పే ఎర్ర లైటు ఒకటి స్టీరింగు వెనక ఉంటుంది. అది మిణుకుమిణుకుమంటూ నన్ను వెక్కిరించేది. ఒక సోమవారం, కిరాణా ఆయనకు నడుం పట్టుకుంది. ఆయన భార్య మా గేటు ముందు నిలబడి మా ఆయనకు వినపడేటట్టు నాలుగు మాటలు అన్నది. మా ఆయన మొహం మాడ్చుకొని లోపలికి వచ్చి, "ఇగ అయిపోయింది. ఐతారం నల్లగొండ నుంచి రైసుమిల్లు సేటు వస్తాండు. ఎంతకైనా సరే, ఇచ్చేస్త" అని చెప్పి, బ్యాగు తీసుకొని క్యాంపుకు పోయాడు. శనివారం సాయంత్రం గానీ తిరిగి రాడు.

నాకు ఒళ్లు మండింది. ఇచ్చిన మాట జూన్ దాకా కూడా బతకలేదు. వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే పెట్టాను. ఆ చప్పుడుకు అరుగు మీద కునుకు తీస్తున్న మా మామ లేచి వచ్చాడు.

మా మామ గురించి చెప్పాలి. పాలమూరు వైపు ఒక బస్సు డిపోలో ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఒక వెదురు కర్రను ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకొని వినేవాడు. విని, "దీనికి పోయిన యేడు నుంచే బాగలేదు" అనేవాడు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సగం మంది డ్రైవర్లు ఆయన కింద క్లీనర్లుగా పని నేర్చుకున్నవాళ్లే. బస్టాండు ఎదురుగా ఉస్తాద్ అని అందరూ పిలిచే సాయబు ఒకాయన బండ్ల కరెంటు పనుల దుకాణం నడిపేవాడు. సాయంత్రం మా మామ అక్కడికి పోతే బెంచీ మీది డ్రైవర్లంతా లేచి నిలబడి, "రా మేస్త్రీ, కూసో" అని నడిమి జాగా ఇచ్చేవాళ్లు. ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆ జాగాలో కూర్చోవడానికే మనిషి పొద్దటి నుంచి ఎదురుచూసేవాడు.

"ఏం బిడ్డా, గిన్నెలు ఏం పాపం చేసినయి?" అన్నాడు.

"కారు అమ్ముతున్నరట మామా. నా నోట్లె మన్ను."

మామ గడ్డం గోక్కున్నాడు. "ఐతారానికి ఇంక ఆరు రోజులున్నది. డైనమో ఒక్కటి మంచిగ చేస్తే వాడెందుకు అమ్ముతడు?" అని, కొడుకు లేని వైపు చూస్తూ కన్ను గీటాడు. అరవై దాటిన మామ కోడలికి కన్ను గీటడం మా వీధిలో ఎవరూ చూడలేదు కాబట్టి బతికిపోయాం. మా కుట్ర అట్లా మొదలైంది.

ఇక్కడ ఒక్క ముక్క శాస్త్రం చెబుతాను, భయపడకండి. ఇంజను తిరుగుతుంటే దానికి బెల్టుతో కట్టిన ఒక యంత్రం కూడా తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది. పాత బండ్లలో అది డైనమో. తర్వాత వచ్చింది ఆల్టర్నేటరు. మా కారుకు మొదట డైనమోనే ఉండేదట. ముందటి ఓనరు హైదరాబాద్‌లో అది తీయించి ఆల్టర్నేటరు పెట్టించాడు. మామకు ఆ సంగతి తెలుసు. కానీ ఆయన దృష్టిలో కరెంటు పుట్టించేది ఏదైనా డైనమోనే, కొత్తగా పేరు మార్చుకొచ్చిన దానికి ఆయన మర్యాద ఇచ్చేవాడు కాదు.

మంగళవారం బ్యాటరీని దుకాణంలో చార్జింగు పెట్టించి తెచ్చాం. సెలవులు కాబట్టి స్కూలు ల్యాబు తాళం నా దగ్గరే ఉంది. అక్కడి వోల్ట్‌మీటరును చేతిసంచిలో వేసుకొని, దొంగసరుకుతో చెక్‌పోస్టు దాటుతున్నదానిలా బస్సులో ఇంటికి తెచ్చాను. బస్టాండులో కొన్న తెలుగు మోటారు మెకానిజం పుస్తకం కూడా ఉంది నా దగ్గర. అంటే ఒకవైపు పుస్తకం, మీటరూ పట్టుకొని నేను, మరోవైపు వెదురు కర్ర పట్టుకొని మా మామ. మధ్యలో బానెట్టు ఎత్తిన కారు.

మొదటి వంతు నాది. ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ మీద మీటరు పెడితే ముల్లు పన్నెండున్నర దగ్గర నిలబడింది. స్టార్ట్ చేశాక పద్నాలుగు దాకా పోవాలి. పదమూడు దాకా లేచింది. హెడ్‌లైట్లు వేయగానే కీచుమని చప్పుడు వచ్చి ముల్లు కిందికి జారింది. ఇంజను ఆపి బెల్టు మీద వేలు పెట్టి నొక్కితే నవారు మంచంలా కుంగింది. నాకు చెప్పలేనంత సంతోషమైంది.

"మామా, బెల్టు వదులైంది. జారుతాంది. గంతే. బిగిస్తే అయిపోతది" అన్నాను.

మామ నవ్వాడు. ఆ నవ్వు ఎట్లాంటిదో చెప్పాలంటే, ఎనిమిదో తరగతి పిల్లవాడు నాకు న్యూటన్ నియమం వివరిస్తుంటే నేను నవ్వేది అదే నవ్వు. "ముల్లు చూసి రోగం చెప్తవా పంతులమ్మా? బెల్టు కాదు, దాని గొంతే బాగలేదు. ఇంజను పెట్టు. అసలు పరీక్ష నేను చూపిస్త."

నేను మళ్లీ స్టార్ట్ చేసి, మీటరు పట్టుకొని ఆయన పక్కకు వచ్చాను. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. మామ చేతులు తుడుచుకొని, బ్యాటరీ వైరు మీద చేయి పెట్టాడు. "ఇంజను నడుస్తుండంగ బ్యాటరీ వైరు పీకాలె. అప్పుడు బండి ఆగకుండ నడిస్తే డైనమో మంచిది. ఆగిందా, ఖరాబు. గీ పరీక్ష పెట్టి ఎన్ని వందల బస్సులు సాఫ్ చేసిన్నో లెక్క లేదు."

పాత డైనమోలకు అది నిజంగానే పరీక్ష. మా వైపు మెకానిక్కులందరూ అట్లాగే చూసేవాళ్లు. కానీ నా పుస్తకంలో నలభై ఒకటో పేజీలో, పెద్ద అక్షరాల్లో, పెట్టె కట్టి మరీ, ఆల్టర్నేటరు ఉన్న బండికి ఆ పని చేయకూడదని రాసి ఉంది. పుట్టిన కరెంటును తీసుకునే బ్యాటరీ లేకపోతే వోల్టేజి అమాంతం పెరిగి లోపలి డయోడ్లు కాలిపోతాయని.

"మామా, ఆగుండ్రి—" అన్నాను.

నేను ఆ మాట పూర్తి చేసేలోపే వైరు ఆయన చేతిలో ఉంది.

ముందు ఇంజను గుర్రుమంది. హెడ్‌లైట్లు నేను ఎన్నడూ చూడనంత తెల్లగా వెలిగి, ఎడమది టప్పున పేలింది. నా చేతిలో వోల్ట్‌మీటరు ముల్లు ఉరికి ఆ చివరి గోడకు గుద్దుకొని వంగిపోయింది. బానెట్టు కింద నుంచి కాలిన వాసన వచ్చింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వీధి కుక్క ఒకటి లేచి అవతలికి పోయి పడుకుంది.

నేను మామ వైపు చూశాను. మామ నా వైపు చూడలేదు. వైరును జాగ్రత్తగా పక్కన పెట్టి, గొంతు సవరించుకొని, "చూసినవా? నేను చెప్పలే? డైనమో ఖరాబున్నది" అన్నాడు.

ఓరి దేవుడా! నవ్వాలో ఏడవాలో తెలియక నేను ఇంట్లోకి పోయి రెండు చెంబుల నీళ్లు తాగాను. బెల్టు బిగిస్తే అయిపోయే పనికి, ఇప్పుడు ఆల్టర్నేటరే పోయింది. ఆ మీటరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దాని ముల్లు ఆ రోజు నుంచి సున్నాకు ఒక గీత అవతల నిలబడేది. ఆ తర్వాత నా దగ్గర చదువుకున్న తొమ్మిదో తరగతి పిల్లలందరూ ఏ లెక్కలోనైనా ఒక వోల్టు తీసేసి జవాబు రాయడం నేర్చుకున్నారు.

బుధవారం దాన్ని విప్పాం. విప్పడంలో మాత్రం మామ చేయి చూడాలి. బ్యాటరీ వైరు తీశాడు (ఈసారి ఇంజను ఆగి ఉంది, నేను రెండుసార్లు చూసుకున్నాను). బెల్టును బిగించే బోల్టు వదులు చేసి బెల్టు తప్పించాడు. తుప్పు పట్టిన నట్టును తిట్టకుండా, బెదిరించకుండా, కిరోసిన్ చుక్కలు వేసి పావుగంట బీడీ తాగి వచ్చి పానా పెడితే అది మెత్తగా తిరిగింది. మళ్లీ పెట్టేటప్పుడు ఏ వైరు ఎక్కడిదో తప్పిపోకుండా నేను ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టాను.

"వైర్లకు తాయెత్తులా బిడ్డా? జ్వరం గిట్ల వస్తదనా?" అన్నాడు.

"మీరు పీకకుండ మామా" అన్నాను. ఆ మాటకు ఆయన పానాలు సర్దుకోవడంలో మునిగిపోయాడు.

ఆల్టర్నేటరును కూరగాయల సంచిలో పెట్టి, పైన కొత్తిమీర కట్టలు పరిచి ఉస్తాద్ దుకాణానికి బయలుదేరాం. ఎవరైనా చూసి మా ఆయనకు క్యాంపులో వార్త చేరవేస్తారని భయం. సంచి బరువుకు మామ ఒక పక్కకు వంగి నడుస్తుంటే, దారిలో ఒకావిడ ఆగి, "ఇంత కొత్తిమీర ఏం చేస్కుంటరమ్మా?" అని అడిగింది.

దుకాణంలో బెంచీ మీద నలుగురు డ్రైవర్లు ఉన్నారు. మామను చూసి లేచారు. "రా మేస్త్రీ, కూసో." మామ నడిమి జాగాలో కూర్చున్నాడు. నాకు స్టూలు వేశారు. చాయ్ వచ్చింది. ఉస్తాద్ కొత్తిమీర తీసి పక్కన పెట్టి, ఆల్టర్నేటరు విప్పి, చిన్న బల్బు కట్టిన తీగతో లోపల ఒక్కొక్కచోట తాకించి చూశాడు. ఆయన కనుబొమ్మలు పైకి పోయాయి.

"బ్రష్షులు మంచిగున్నయి. బేరింగు మంచిగున్నది. రాగి తీగ చుట్టలు మంచిగున్నయి. డయోడ్లు మాత్రం అన్నీ ఒకటేసారి ఉడికిపోయినయి." తల ఎత్తాడు. "తౌబా! మంచి సరుకును సంపిన్రు కదా. నడిచే బండి మీద బ్యాటరీ వైరు పీకింది ఎవరు?"

బెంచీ మీద చాయ్ గ్లాసులు గాలిలోనే ఆగాయి. ఒక కుర్ర డ్రైవరు, "గీ జమానల ఎవడు పీకుతడు ఉస్తాద్? నా క్లీనర్ గాడు కూడ పీకడు" అన్నాడు. అందరూ నవ్వారు.

మామ నవ్వలేదు. ఎదురుగోడ మీద క్యాలెండరు ఉంది. దాన్ని చదువుతున్నాడు. అది పోయిన సంవత్సరం క్యాలెండరు. ఆయన చెవులు రెండూ ఎర్రగా అయ్యాయి. గ్లాసు ఒరిగి, ఇస్త్రీ చొక్కా మీద ఒక చుక్క చాయ్ పడినా చూసుకోలేదు. అది చూశాక నా నోరు నా మాట వినలేదు.

"నేనే పీకిన" అన్నాను.

దుకాణం గొల్లుమంది. "సైన్సు టీచరమ్మా?" "బడిల పిల్లలకు ఇదే చెప్తున్నవా అమ్మా?" ఉస్తాద్ మర్యాదస్తుడు, తల వంచుకొని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సరే, పెద్దాయన కోసం కదా, భరిద్దాం అనుకున్నాను. అంతలో మా మామ గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగి, చాలా బాధగా తల ఊపుతూ ఏమన్నాడో తెలుసా?

"నేను చెప్తనే ఉన్న బిడ్డా, ముట్టకు ముట్టకు అని."

ఆ క్షణాన కొత్తిమీర కట్ట తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది, ఇప్పుడు దాచి లాభమేముంది! పళ్లు కొరుక్కొని కూర్చున్నాను.

డయోడ్లు హైదరాబాద్ నుంచి రావాలి, పది రోజులు పడుతుందన్నాడు ఉస్తాద్. అయితే ఆయన దగ్గర ఇంకో కారు నుంచి తీసి బాగుచేసిన ఆల్టర్నేటరు ఉంది. మా దానికున్న బెల్టు చక్రం తీసి దానికి ఎక్కిస్తే సరిపోతుందని చెప్పి, అప్పటికప్పుడు మార్చి, బల్బు వెలిగించి చూపించి ఇచ్చాడు. కొత్త బెల్టు కూడా తీసుకున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు మామ నాకు నిమ్మకాయ సోడా తాగించాడు. సోడా అయితే తాగాను. గోలీ సోడాతో తీరే కోపం కాదు నాది. ఆ రోజంతా ఆయనకు అన్నం వడ్డించాను, నీళ్లు ఇచ్చాను, ఒక్క మాట మాట్లాడలేదు. మా అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇంట్ల పానం ఎవరికి బాగలేదు?" అని అడిగింది. మర్నాడు పొద్దున మామ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నీ బుక్కు జర ఇయ్యి."

ఇచ్చాను. అద్దాలు పెట్టుకొని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ నలభై ఒకటో పేజీ చదివాడు. మళ్లీ చదివాడు. పుస్తకం మూశాడు, అద్దాలు తీసి తుడిచాడు. తర్వాత, "అచ్చు తప్పులు చాలున్నయి దీంట్ల" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. కోపం అక్కడితో చచ్చింది.

శుక్రవారం బిగింపు. దారాల గుర్తులు చూసి వైర్లు పెట్టాను. బెల్టు ఎక్కించాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బెల్టు బిగువుగా ఉండాలంటే, ఆల్టర్నేటరును బలంగా ఇంజనుకు అవతలి వైపు తోసి పట్టుకొని, అదే సమయంలో బోల్టు బిగించాలి. దానికి సన్నంగా, పొడుగ్గా, గట్టిగా ఉండే కర్ర కావాలి. మామ వెదురు కర్ర పెడితే అది పటుక్కున విరిగింది. ముప్పై ఏళ్ల నాటిది. ఆయన దాన్ని రెండు ముక్కలుగా చేతిలో పట్టుకొని చూస్తుంటే నాకే జాలేసింది. అప్పుడు ఇద్దరి కళ్లూ ఒకేసారి వాకిట్లో రోలు పక్కన ఆనించిన రోకలి మీద పడ్డాయి.

రోకలి అద్భుతంగా పనిచేసింది. మామ రోకలితో ఎత్తిపట్టాడు, నేను పానాతో బిగించాను. బెల్టును బొటనవేలితో నొక్కి, "సరిపోయింది" అన్నాడు. నేను స్కూలు స్కేలు తెచ్చి కొలిచాను. అర అంగుళం కుంగింది, పుస్తకంలో ఉన్నంతే. "వేలుకు గీతలు ఉండవు గని లెక్క తెలుస్తది" అన్నాడు. అది మాత్రం ఒప్పుకోవాలి.

సరిగ్గా అప్పుడే మా అత్త ఎండుమిరపకాయల చాట పట్టుకొని బయటికి వచ్చింది. యేడాది కారం దంచే రోజు అది. రోకలి చివర నల్లటి గ్రీజు కారుతున్నది.

"ఏందయ్యా అది? నీ చేతులిరుగ! కారంల గ్రీసు కలిపి తింటవా?" అని మామను అందుకున్నది. "కోడలా, నువ్వు సదువుకున్నదానివి కద, నీకన్న బుద్ధి లేదా?"

"ఆమెనే తెమ్మన్నది" అన్నాడు మా మామ ఠక్కున. రెండోసారి! కానీ ఈసారి అనేటప్పుడు ఆయన నా వైపు చూసి మీసాల్లో నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోకలిని సున్నిపిండి పెట్టి నాలుగుసార్లు కడిగాను. అయినా ఆ సంవత్సరం మామిడికాయ పచ్చడి తిన్నప్పుడల్లా మా అత్త మొదటి ముద్ద అనుమానంగానే నమిలేది.

ఇంజను స్టార్ట్ చేసే ముందు మామ రెండు చేతులూ వెనక్కి కట్టుకొని రెండు అడుగులు దూరం జరిగాడు. "నేను ముట్ట. నీ ముల్లు పెట్టి చూడు." తాళం తిప్పాను. ఎవరూ తోయకుండా, మొదటిసారికే లేచింది! ఎర్ర లైటు ఆరిపోయింది. మీటరు పెట్టాను. వంకర ముల్లు పదిహేను దగ్గర నిలబడింది. ఒకటి తీసేస్తే పద్నాలుగు. హెడ్‌లైటుకు కొత్త బల్బు వేసి రెండూ వెలిగించినా కదల్లేదు. నేను అక్కడే, పట్టపగలు, వీధిలో చప్పట్లు కొట్టాను.

శనివారం సాయంత్రం మా ఆయన వచ్చాడు. మేం ఏమీ చెప్పలేదు. పొద్దున ఆయన తాళం తిప్పి ఆశ్చర్యపోతే చూడాలని మా ఇద్దరి ఆశ. ఆశ్చర్యపోయి, అమ్మకం మానేస్తాడని మా లెక్క. రాత్రి నేను హాయిగా నిద్రపోయాను కూడా.

ఐతారం పొద్దున మిల్లు సేటు తన డ్రైవరును వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ డ్రైవరు మా మామ దగ్గర క్లీనరుగా చేసినవాడే. మా ఆయన మొహం వేలాడేసుకొని, "జర తోయాలె" అని పోస్టుమాస్టరును పిలవబోయాడు. డ్రైవరు ఊరికే తాళం తిప్పాడు. బండి గుమ్మని లేచింది. లైట్లు వేశాడు, ధగధగలాడాయి. హారను కొట్టాడు, వీధి చివరి దాకా వినిపించింది. ఆపి మళ్లీ తిప్పాడు, మళ్లీ లేచింది.

మా ఆయన ఆశ్చర్యపోయాడు. మేం అనుకున్నది అంతవరకు నిజమైంది. తర్వాత ఆయన మొహం విప్పారింది. మేం అనుకోనిది అది. "చూసిన్రా సేటూ, బండి ఎట్లుందో!" అన్నాడు. సేటు మొహం కూడా విప్పారింది. "మస్తుగుంది. మాట్లాడుకుందాం పట్టు" అన్నాడు.

అప్పుడు గానీ నా బుర్రలో వెలగలేదు. ఎంత మూర్ఖురాలిని నేను! చచ్చిన కారును ఆ సేటు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. అమ్మడానికి వీల్లేని బండిని వారం రోజులు కష్టపడి, రోకలి పాడుచేసుకొని, అమ్మడానికి సిద్ధం చేసి పెట్టింది మేమే. సైన్సు టీచరూ, ముప్పై ఏళ్ల మెకానిక్కూ కలిసి ఈ చిన్న సంగతి ఆలోచించలేదు. జూన్ నెల, ఆ బస్సు, హెడ్మాస్టరు గడియారం చూపు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మామ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నా వైపు చూశాడు. తర్వాత సేటు జేబులో చేయి పెట్టడం చూశాడు. లేచి, చొక్కా గుండీ పెట్టుకొని, కారు దగ్గరికి నడిచాడు.

"సేటూ, తాళం తీసుకునే ముందు ఒక మాట విను. ఈ బండిది అసలు డైనమో కాదు. అసలుది కాలిపోయింది. నడిచే బండి మీద బ్యాటరీ వైరు పీకి కాలపెట్టిన్రు."

డ్రైవరు నవ్వాడు. "తెలుసు మేస్త్రీ. వస్తుంటే ఉస్తాద్ దుకాణంల చెప్పిన్రు. టీచరమ్మ పీకిందట కద."

"ఆమె పీకలే. నేను పీకిన."

డ్రైవరు నవ్వు సగంలో ఆగింది. మా ఆయన నోరు తెరుచుకొని చూస్తున్నాడు. మామ గొంతు పెంచి, వీధంతా వినేటట్టు చెప్పాడు.

"ఆమె వద్దన్నది. బుక్కుల రాసి ఉన్నదని చెప్పింది. నేను ఇనలే. తప్పు నాది, మీదేసుకున్నది ఆమె. నేను నలుగుట్ల నోరు మూసుకొని చాయ్ తాగిన. నాకు ఇప్పటి బండ్లు తెల్వయి రా. ఇది నీ బెంచీ మీదోళ్లందరికి పోయి చెప్పు."

నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. అయితే మా మామ అక్కడితో ఆగితే మా మామ ఎట్లా అవుతాడు! సేటు వైపు తిరిగి, అదే ముఖంతో, "ఇంకోటి. ఈ వారం రోజులు ఈ బండి కింద పండుకున్నది నేనే. ఏమేం విప్పిన్నో, ఏమేం మళ్ల పెట్టిన్నో నాకు సరిగ యాది లేదు. బ్రేకులు కూడ చూసినట్టే ఉన్న" అన్నాడు.

"బ్రేకులా?" అన్నాడు సేటు. ఆయన చేయి జేబులో నుంచి ఖాళీగా బయటికి వచ్చింది. మా ఇంట్లో చాయ్ కూడా తాగకుండా పోయాడు.

వాళ్ల బండి మలుపు తిరిగేదాకా ఆగి మా ఆయన, "బాపూ, కాళ్ల దగ్గరికి వచ్చిన బేరం చెడగొడితివి కద!" అని అరిచాడు.

"బండి మంచిగ నడుస్తాంది కదరా" అన్నాడు మామ. "మంచిగున్నదాన్ని ఎవడన్న అమ్ముకుంటడా?" మా ఆయన తాళం చెవిని అరుగు మీద పెట్టి స్నానానికి పోయాడు. నేను తీసుకొని కొంగున ముడేసుకున్నాను.

మామ చెప్పింది ఆ డ్రైవరు తు.చ. తప్పకుండా చేశాడు. పొద్దుగూకే లోపే దేవరకొండ బస్టాండంతా తెలిసిపోయింది. ఆ తర్వాత ఇరవై రోజులకు పైగా మామ ఉస్తాద్ దుకాణం వైపు పోలేదు. సాయంత్రం అయితే ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు, గేటు దాకా పోయేవాడు, మళ్లీ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. పోదాం రండి మామా, నేను కూడా వస్తాను అంటే, "ఇప్పుడు బెంచీ మీద కూసుంటే ముండ్లు గుచ్చుకుంటయి బిడ్డా" అనేవాడు.

జూన్‌లో బడి తెరిచిన నాడు పొద్దున నేను కారు బయటికి తీస్తుంటే, మామ తల దువ్వుకొని, ఇస్త్రీ చొక్కాతో వచ్చి, అడగకుండానే ముందు సీట్లో కూర్చున్నాడు. "మొదటి రోజు కద, తోడొస్త" అన్నాడు. మా బడి ఊరి దారి బస్టాండు మీదుగానే పోతుంది. మూల తిరగ్గానే ఉస్తాద్ దుకాణం కనిపించింది. బెంచీ నిండా డ్రైవర్లు. నేను పక్క సందు వైపు స్టీరింగు తిప్పబోయాను.

"సక్కగ పోనియ్యి" అన్నాడు.

వాళ్లు చూశారు. ఒకడు లేచి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని, "మేస్త్రీ! ఇయాల ఏం వైరు పీకుతున్నవే?" అని అరిచాడు. బెంచీ అంతా పడీ పడీ నవ్వింది. పక్కకు చూస్తే, మామ కిటికీలోంచి మోచేయి బయట పెట్టి, వాళ్ల వైపే తిరిగి, నవ్వుతూ చేయి ఊపుతున్నాడు. కళ్ల కింద మాత్రం తడిగా ఉంది.

"హారను కొట్టు బిడ్డా" అన్నాడు. "ఇంక గట్టిగ కొట్టు. నడిపేది ఎవరో చూడనియ్యి."